వేలం ఇల్లు ఎవరి ఇల్లు?
(పట్నంలో గూడు కోసం నూరేళ్ళ ప్రయాణం - ఒక చారిత్రక పరిశీలన)

కూడు, గుడ్డ, గూడు - మనిషికి ఈ మూడూ కనీస అవసరాలని పెద్దలు చెబుతూ వచ్చారు. మొదటి రెండూ ఎలాగో ఒకలాగ సమకూరుతున్నవి. మూడవది మాత్రం హైదరాబాద్ వంటి పట్నంలో జీవితకాలపు సమస్య అయి కూర్చున్నది. నెల జీతగాడు, చిన్న దుకాణదారుడు, గల్ఫు నుంచి నెలనెలా డబ్బు పంపే కొడుకు ఉన్న తండ్రి - వీరందరి ఆశ ఒక్కటే: కిరాయి ఇంటి నుంచి సొంత ఇంటికి మారాలి. అదీ బడి, మసీదు, ఆసుపత్రి, తెలిసినవాళ్ళు దగ్గరగా ఉన్న మొహల్లాలో.

ఈమధ్య సభ్యులు నలుగురు కలిసినచోట ఒక ప్రశ్న తరచుగా వినబడుతున్నది. "బ్యాంకువాళ్ళు జప్తు చేసిన ఇళ్ళు వేలం వేస్తున్నారట, బజారు ధర కన్నా తక్కువకే వస్తాయట, కొనవచ్చునా?" అని. అవునని గానీ కాదని గానీ ఒక్క మాటలో తేల్చగలిగిన విషయం కాదిది. ఆ ఇల్లు బ్యాంకు చేతికి ఎలా వచ్చింది, ఆ చట్టం ఎప్పుడు పుట్టింది, అంతకు ముందు ఈ పట్నంలో సామాన్యుడు ఇల్లు ఎలా సంపాదించుకున్నాడు అన్నవి తెలిస్తే జవాబు తనంతట తానే దొరుకుతుంది. అందుకే ఈ చిన్న వ్యాసం.

మాటల్లో దాగిన చరిత్ర

భాష చెప్పుకుని బతికేవాళ్ళం కనుక మాటలతోనే మొదలుపెడతాము. తెలుగువాళ్ళు ఇల్లు కుదువ పెట్టడాన్ని 'తనఖా' అంటారు. ఇది ఫారసీ 'తన్ఖ్వాహ్' నుంచి వచ్చిన మాట. అదే మాటకు ఉర్దూలో ఈనాడు జీతం అని అర్థం. ఒక భాషలో జీతం, మరొక భాషలో అప్పుకు పెట్టిన ఆస్తి! ఇంటి అప్పు వాయిదాలు కట్టేవారికి ఈ రెండు అర్థాల సంబంధం వేరే చెప్పనక్కరలేదు.

దస్తావేజు, జప్తు, జామీను, బకాయి, వసూలు - ఇవన్నీ ఫారసీ, అరబ్బీల నుంచి కచేరీల ద్వారా తెలుగులోకి వచ్చి స్థిరపడ్డవే. 'కబ్జా' అంటే ఉర్దూలో ఊరికే స్వాధీనం అని మాత్రమే. తెలుగులోకి వచ్చేసరికి అది అక్రమంగా ఆక్రమించుకోవడం అయింది. ఇక 'వేలం' అన్న మాట, ఉర్దూలోని 'నీలాం' రెండూ పోర్చుగీసు వర్తకుల 'లెయిలావ్' నుంచి పుట్టినవే. అంటే అప్పు, ఆస్తి, జప్తు, వేలం అన్న ఈ వ్యవహారం హిందువుదీ కాదు, ముసల్మానుదీ కాదు. ఈ గడ్డ మీద బతికిన అందరి నెత్తినా పడినదే.

అప్పు విషయంలో రాతకోతలు ఎంత ముఖ్యమో మనవాళ్ళకు కొత్తగా చెప్పనవసరం లేదు. పవిత్ర ఖుర్‌ఆన్‌లో అన్నింటికన్నా పొడవైన ఆయత్ అప్పును రాసుకోవడం గురించి, సాక్షులను పెట్టుకోవడం గురించే. కానీ చదవకుండా సంతకం పెట్టే అలవాటు మాత్రం మనలో ఇంకా పోలేదు.

వరద తెచ్చిన ఆలోచన

1908 సెప్టెంబరు 28న మూసీ నదికి వచ్చిన వరద హైదరాబాద్ చరిత్రను రెండు ముక్కలు చేసింది. వేలాది ఇళ్ళు కొట్టుకుపోయాయి. చనిపోయినవారు సుమారు పదిహేను వేల మంది అని అంచనా. ప్రసిద్ధ ఉర్దూ కవి అమ్జద్ హైదరాబాదీ తన తల్లిని, భార్యను, కూతురిని ఆ నీళ్ళలోనే పోగొట్టుకున్నాడు. మిగిలినవారికి తల దాచుకునే చోటు లేదు.

ఆ విపత్తు తరువాత మోక్షగుండం విశ్వేశ్వరయ్యను పిలిపించారు. ఆయన సలహాల ఫలితమే 1920లో పూర్తయిన ఉస్మాన్‌సాగర్, 1927లో పూర్తయిన హిమాయత్‌సాగర్. అయితే మన విషయానికి సంబంధించినది ఇంకొకటి ఉన్నది. మీర్ ఉస్మాన్ అలీఖాన్ గద్దెనెక్కిన మరుసటి ఏడు, 1912లో, నగర అభివృద్ధి సంస్థ ఏర్పడింది. ఆనాటివారు దానిని 'ఆరాయిషె బల్దా' అనేవారు. ఇరుకు వాడలను తొలగించడం, రోడ్లు వెడల్పు చేయడం, బీదవారికి గాలీ వెలుతురూ వచ్చే ఇళ్ళు కట్టడం దాని పనులు. పత్తర్‌గట్టీ కమాన్ల వరుస, 1935 నాటి మొజంజాహీ మార్కెట్ దాని కాలంలో లేచినవే. నిజాం రెండవ కుమారుడు మొజంజాహ్ ఆ సంస్థకు అధ్యక్షుడిగా ఉన్నాడు కనుకనే మార్కెట్‌కు ఆ పేరు.

ఇక్కడ గమనించవలసినది ఒక్కటి. ఆనాడు బీదవాడికి ఇల్లు దొరికింది అంటే బజారులో చవగ్గా కొనుక్కున్నందువల్ల కాదు. ఒక సంస్థ నేల చదును చేసి, గోడలు లేపి, చేరగలిగే కిరాయికి ఇచ్చినందువల్ల. పట్నంలో సామాన్యుడు ఒంటరిగా ఇల్లు సంపాదించుకున్న కాలాలు తక్కువ. పదిమంది కలిసిగానీ, సర్కారు పూనుకునిగానీ చేసినప్పుడే అది సాధ్యమైంది.

వడ్డీ లేని అప్పుల సంఘాలు కూడా ఈ పట్నానికి కొత్త కాదు. హైదరాబాద్‌లో పుట్టి, ఉస్మానియాలో పాఠాలు చెప్పి, తరువాత పారిస్‌లో స్థిరపడిన పండితుడు డాక్టర్ ముహమ్మద్ హమీదుల్లా (1908-2002) హైదరాబాద్‌లో నడిచిన ఇటువంటి సంఘాల గురించి రాశారు. చిన్న ఉద్యోగులు కొంచెం కొంచెం కూడబెట్టి, అవసరమైనవారికి ఇచ్చి, తిరిగి వసూలు చేసుకునే పద్ధతి అది. ఒక్కడి జీతంతో కానిది పదిమంది జీతంతో అయింది.

దేవిడీల నుంచి కాలనీల దాకా

1948 సెప్టెంబరులో నిజాం రాజ్యం భారతదేశంలో కలిసింది. 1949 ఆగస్టులో జాగీర్లు రద్దయ్యాయి. జాగీరు మీద ఆధారపడిన పెద్ద కుటుంబాలు, వారి మీద ఆధారపడిన వందలాది నౌకర్లు, గుమాస్తాలు ఒక్కసారిగా ఆదాయం లేనివారయ్యారు. పెద్ద పెద్ద దేవిడీలు ముక్కలయ్యాయి. కొన్ని అమ్ముడుపోయాయి, కొన్ని అప్పుల కింద పోయాయి. ఒక దేవిడీ ఉన్నచోట ఇరవై ఇళ్ళు, దుకాణాల వరుస లేచాయి. పాతబస్తీలో ఇప్పటికీ ఒకే సింహద్వారం లోపల పది కుటుంబాలు ఉండే చోట్లు కనబడతాయి. కాగితాలు మాత్రం తాతగారి పేరు మీదే ఉంటాయి. ఈ మాట గుర్తుపెట్టుకోండి, తరువాత పనికివస్తుంది.

1956లో ఆంధ్రప్రదేశ్ ఏర్పడింది. అదే సంవత్సరపు చట్టంతో గృహనిర్మాణ మండలి వచ్చింది. 1960లో కిరాయిదారులను రక్షించే చట్టం వచ్చింది. ఉద్యోగులు సహకార గృహనిర్మాణ సంఘాలు పెట్టుకుని ప్లాట్లు పంచుకున్నారు. 1975లో పట్టణాభివృద్ధి సంస్థ 'హుడా' ఏర్పడింది. కూకట్‌పల్లి హౌసింగ్ బోర్డు కాలనీ వంటివి మధ్యతరగతికి ఆశ కలిగించాయి. 1970ల నుంచి గల్ఫు దేశాలకు వెళ్ళినవారి డబ్బు పాతబస్తీలోనూ, మెహదీపట్నం, టోలీచౌకీ వైపూ ఇళ్ళయి లేచింది. అది వడ్డీ లేని సొమ్ము. దానికి చెల్లించిన ధర మాత్రం ఏళ్ళ తరబడి పిల్లల ముఖం చూడకుండా ఎడారిలో గడపడం.

ఆ రోజుల్లో సామాన్యుడికి ఇంటి కోసం బ్యాంకు అప్పు అన్న మాట లేదు. 1977లో గృహ రుణాల కోసమే హెచ్.డి.ఎఫ్.సి. పుట్టింది. 1988లో నేషనల్ హౌసింగ్ బ్యాంకు వచ్చింది. ఆ తరువాతే నెల వాయిదాల మీద ఇల్లు కొనడం మధ్యతరగతిలో వ్యాపించింది. 1998లో సైబర్ టవర్స్ ప్రారంభమైన తరువాత పట్నం పడమటి వైపు ఎట్లా పెరిగిందో చూస్తూనే ఉన్నాము. నేల ధర పరుగు తీసింది, జీతం నడక నడిచింది. ఆ రెండింటి మధ్య ఖాళీని బ్యాంకు అప్పు పూడ్చింది. ఆ అప్పు తీర్చలేనివారి ఇళ్ళే ఈనాడు పత్రికల్లో వేలం ప్రకటనలుగా కనబడుతున్నవి.

1882 నుంచి 2002 దాకా

మన దేశంలో తనఖాకు మూలచట్టం 1882 నాటి ఆస్తి బదిలీ చట్టం. ఆంధ్ర జిల్లాల్లో మొదటి నుంచీ, నిజాం రాజ్యం కలిసిన తరువాత ఇక్కడా అదే అమలయింది. అందులో 69వ సెక్షన్ ఒక విచిత్రమైన సంగతి చెబుతుంది. అప్పిచ్చినవాడు కోర్టుకు వెళ్ళకుండా తనంతట తానే తనఖా ఆస్తిని అమ్ముకునే హక్కు కొన్ని సందర్భాల్లో మాత్రమే ఉన్నది. ఇంగ్లీషు పద్ధతి తనఖా అయినా సరే, ఇరుపక్షాలలో ఎవరైనా హిందువో, ముహమ్మదీయుడో, బౌద్ధుడో అయితే సాధారణంగా ఆ హక్కు వర్తించదు. మద్రాసు, బొంబాయి, కలకత్తా వంటి ప్రకటిత పట్టణాల్లోని ఆస్తికి, పత్రంలో స్పష్టంగా రాసుకున్నప్పుడు మినహాయింపు ఉన్నది. అంటే ఈ దేశపు సామాన్యుడి ఇల్లు వేలానికి పోవాలంటే న్యాయమూర్తి ముందు దావా నడవాలి. 'తనఖా ఎప్పటికీ తనఖాయే, అప్పు తీర్చి ఆస్తి విడిపించుకునే హక్కు అప్పుదారుడిది' అన్నది ఆ చట్టం సారం.

దీనిలో మంచీ ఉంది, చెడూ ఉంది. బీదవాడికి ఊపిరి తీసుకునే వ్యవధి దొరికింది. కానీ దావాలు పదేళ్ళు, ఇరవై ఏళ్ళు నడిచాయి. ఉద్దేశపూర్వకంగా ఎగ్గొట్టిన పెద్ద బాకీదారులు ఆ ఆలస్యం చాటున దాక్కున్నారు. బ్యాంకుల సొమ్ము, అంటే జనం దాచుకున్న సొమ్ము, చిక్కుకుపోయింది. 1981లో తివారీ కమిటీ, 1991లోనూ 1998లోనూ నరసింహం కమిటీలు ఈ జబ్బును పరిశీలించాయి. 1993లో బాకీల వసూలు ట్రిబ్యునళ్ళ చట్టం వచ్చింది. 2002లో 'సర్ఫాసీ' అని పిలుచుకునే చట్టం వచ్చింది. 1882 నాటి 69వ సెక్షన్‌లో ఏమి ఉన్నా సరే, కోర్టు జోక్యం లేకుండా బ్యాంకు తన తనఖా హక్కును అమలు చేసుకోవచ్చునని దాని 13వ సెక్షన్ ప్రకటించింది. సరిగ్గా 120 ఏళ్ళ రక్షణ ఒక్క వాక్యంతో పక్కకు పోయింది.

చట్టం చెల్లుతుందా లేదా అని సుప్రీంకోర్టుకు వెళ్ళారు. 2004 ఏప్రిల్‌లో మార్దియా కెమికల్స్ కేసులో కోర్టు చట్టాన్ని నిలబెట్టింది. కానీ ట్రిబ్యునల్‌కు వెళ్ళాలంటే బ్యాంకు అడిగే మొత్తంలో 75 శాతం ముందుగా కట్టాలన్న షరతును కొట్టివేసింది. ఇల్లు పోతున్నవాడిని ముప్పాతిక సొమ్ము తెచ్చి ఆ తరువాత న్యాయం అడుగు అనడం న్యాయం కాదని తేలింది. పెద్ద బాకీదారుల కోసం పుట్టిన చట్టం చిన్న ఇంటి అప్పుదారుడికి కూడా వర్తిస్తున్నది. లక్ష రూపాయలకు మించని అప్పు, వ్యవసాయ భూమి, అసలు వడ్డీ కలిపి ఐదవ వంతు కన్నా తక్కువ మిగిలిన అప్పు - ఇటువంటివి మాత్రం దీని పరిధిలోకి రావు.

బ్యాంకు ఇల్లు అన్న మాట తప్పు

మనవాళ్ళు 'బ్యాంకు ఇల్లు' అంటారు. ఈ మాట అమెరికాలో సరిపోతుంది. అక్కడ వేలంలో ఎవరూ పాడకపోతే బ్యాంకే ఇంటిని తన పేరు మీద రాయించుకుని, సొంతదారుగా తరువాత అమ్ముకుంటుంది. 2008 సెప్టెంబరులో లేమాన్ బ్రదర్స్ కూలిపోయిన కాలంలో అటువంటి ఇళ్ళు అక్కడ పెద్ద సంఖ్యలో బజారుకు వచ్చాయి. డబ్బు చేతిలో ఉన్న పెద్ద కంపెనీలు గుంపుగా కొని కిరాయికి తిప్పాయి.

మన దేశంలో సంగతి వేరు. ఎవరూ పాడనప్పుడు బ్యాంకే కొనుక్కునే వీలు 2013 సవరణతో వచ్చింది గానీ, మామూలుగా పత్రికలో చూసే వేలంలో బ్యాంకు సొంతదారు కాదు. అప్పిచ్చినవాడి హోదాలో అమ్ముతున్నదంతే. అందువల్ల అప్పుదారుడికి ఆ ఇంటి మీద ఎంత హక్కు ఉన్నదో అంతే కొన్నవాడికి వస్తుంది, దానికి మించి వీసమెత్తు రాదు. వేలం ఇల్లు చవక అంటే ఆ చవకకు కారణం ఏదో ఇంట్లోనే ఉన్నదని అర్థం. అది ఏమిటో కనిపెట్టడమే కొనేవారి పని.

పాట పాడే ముందు లెక్క

ఒక ఇంటికి బ్యాంకు 40 లక్షల రిజర్వు ధర పెట్టిందనుకుందాం. సాధారణంగా పదోవంతు, అంటే 4 లక్షలు, ధరావతుగా ముందే కట్టాలి. 2019 డిసెంబరులో 'ఈ-బిక్రయ్', 2025 జనవరిలో 'బ్యాంక్‌నెట్' అనే ప్రభుత్వ బ్యాంకుల వేదికలు వచ్చాక పాట ఇప్పుడు కంప్యూటరు మీదనే జరుగుతున్నది. పాట ఆ ధరకే ఖాయమైందనుకున్నా, ధరావతుతో కలిపి నాలుగోవంతు, అంటే 10 లక్షలు, అదే రోజు గానీ మరుసటి పనిదినం గానీ చెల్లించాలి. మిగిలిన 30 లక్షలు అమ్మకం ఖాయపరచిన 15 రోజుల లోపు కట్టాలి. లిఖితపూర్వకంగా ఒప్పుకుంటే గడువు పెంచవచ్చు గానీ మొత్తం మూడు నెలలకు మించదు. రిజిస్ట్రేషను ఖర్చులు వేరు.

గడువులో కట్టలేకపోతే ఏమవుతుంది? కట్టిన సొమ్ము జప్తు అవుతుంది. 2024 ఫిబ్రవరిలో సెంట్రల్ బ్యాంకు వర్సెస్ షణ్ముగవేలు కేసులో సుప్రీంకోర్టు ఈ జప్తును సమర్థించింది. బ్యాంకుకు ఎంత నష్టం వచ్చిందన్నది చూడనక్కరలేదు, నాలుగోవంతు మొత్తమూ పోతుందని చెప్పింది. పై లెక్కలో ఒక కుటుంబం ఇరవై ఏళ్ళు దాచిన 10 లక్షలు ఒక్క పూటలో గల్లంతు! మరొక బ్యాంకు అప్పు ఇస్తుందిలే అని ధైర్యంగా పాడేసి, ఆ అప్పు 15 రోజుల్లో రాక మునిగేది ఇక్కడే.

కనుక చవక ఇల్లు అందరికీ చవక కాదు. చేతిలో మొత్తం సొమ్ము ఉన్నవాడికే చవక. వేలంలో తరచుగా వ్యాపారులు గెలిచి, కుటుంబాలు ఓడిపోవడానికి కారణం తెలివి కాదు, పదిహేను రోజుల గడువు.

చవక వెనుక నిలబడి ఉన్నవారు

వేలం ప్రకటనలో 'ఉన్నది ఉన్నట్లుగా, ఉన్నచోట ఉన్నట్లుగా' అన్న షరతు చిన్న అక్షరాల్లో ఉంటుంది. దాని బరువు మాత్రం పెద్దది.

మొదటిది, లోపల ఉన్న మనుషులు. ప్రకటనలో 'సాంకేతిక స్వాధీనం' అని ఉంటే గోడ మీద నోటీసు అంటించారని మాత్రమే అర్థం. తాళం ఇంకా ఇంటివాళ్ళ చేతిలోనే ఉన్నది. మేజిస్ట్రేటు ఉత్తర్వుతో ఖాళీ చేయించాలి. పాత కిరాయిదారుడు ఉంటే అతని హక్కు వేరే తేలాలి. 'భౌతిక స్వాధీనం' అని ఉన్నదా లేదా అన్నది మొదట చూడవలసిన మాట.

రెండవది, బకాయిలు. ఇంటిపన్ను, నీటి బిల్లు, అపార్టుమెంటు నిర్వహణ రుసుము, కరెంటు బిల్లు. 2023 మేలో కె.సి. నినాన్ కేసులో సుప్రీంకోర్టు, నిబంధనలు అనుమతించినచోట పాత యజమాని కరెంటు బకాయిని కొత్త కనెక్షను కోరే వేలం కొనుగోలుదారు నుంచి విద్యుత్ సంస్థ అడగవచ్చునని చెప్పింది.

మూడవది, నేల స్వభావం. ప్రభుత్వ, దేవాదాయ, వక్ఫ్ భూములను రిజిస్ట్రేషన్ చట్టం 22-ఎ సెక్షన్ కింద నిషేధిత జాబితాలో పెడతారు. బ్యాంకు అప్పు ఇచ్చింది కదా, చూసే ఇచ్చి ఉంటుందిలే అనుకోరాదు. లింకు దస్తావేజులు, కనీసం ముప్పై ఏళ్ళ ఇ.సి., మున్సిపల్ అనుమతి మనమే చూసుకోవాలి.

నాలుగవది మన ఇళ్ళల్లో అన్నింటికన్నా ఎక్కువగా ఉండేది - అక్కచెల్లెళ్ళ వాటా. తాతగారి పేరు మీదే మిగిలిన కాగితాల గురించి పైన చెప్పాము. తండ్రి పోయిన తరువాత పెద్దకొడుకు మున్సిపాలిటీలో పేరు మార్పించుకుని, ఆ కాగితంతో ఇల్లు తనఖా పెట్టే వ్యవహారాలు ఎన్ని జరగలేదు? ఇంటిపన్ను రసీదు సొంత హక్కు కాదు. షరీఅత్ ప్రకారం తల్లికీ, అక్కచెల్లెళ్ళకూ వాటా ఉన్నది. 1937 నాటి షరీఅత్ చట్టం దానిని గుర్తించింది. ఒక వారసుడు తన వాటా వరకే తనఖా పెట్టగలడు గానీ తోబుట్టువుల వాటా పెట్టలేడు. అటువంటి ఇంటిని వేలంలో కొన్నవాడి మీద రేపు ఆ ఆడబిడ్డలు దావా వేస్తే తప్పెవరిది? వారిది కాదు. ఒకరి హక్కును మింగిన చవక, చవక కాదు.

నోటీసు వచ్చిన ఇల్లు

ఇంతదాకా కొనేవారి గురించి చెప్పాము. పోగొట్టుకునేవారు కూడా మన మొహల్లాలోనే ఉన్నారు. ఇంగ్లీషు కాగితం వస్తే మాస్టర్ దగ్గరికి తెచ్చే అలవాటు మన పెద్దలకు ఉన్నది. అట్లా ఒకసారి మా బడి పిల్లవాడి తండ్రి, కుట్టు మిషన్ల పని చేసే ఆయన, ఒక కవరు పట్టుకుని వచ్చాడు. "సాబ్, ఇది ఏందో జర చదివి చెప్పండి. బ్యాంకోళ్ళు పంపిండ్రు. మా ఇంట్ల బీరువాల వెట్టినం" అన్నాడు. తేదీ చూస్తే నలభై ఒక్క రోజులు గడిచిపోయాయి. ఆ కాగితానికి ఉన్న ఆయుష్షు అరవై రోజులే.

ఈ గడువులు ప్రతి ఇంట్లో తెలియాలి. వాయిదా బకాయి 90 రోజులు దాటితే ఖాతా మొండి బాకీ అవుతుంది. తరువాత 13(2) నోటీసు వస్తుంది, దానికి 60 రోజులు. ఆ లోపల లిఖితపూర్వకంగా అభ్యంతరం పంపవచ్చు. బ్యాంకు 15 రోజుల్లో కారణాలతో జవాబు ఇచ్చి తీరాలి. స్వాధీనం చేసుకుంటే రెండు పత్రికల్లో, ఒకటి స్థానిక భాషలో, ప్రకటించాలి. ఆ చర్య మీద 45 రోజుల్లో ట్రిబ్యునల్‌కు వెళ్ళవచ్చు. ఇంటి అమ్మకానికి ముందు 30 రోజుల నోటీసు ఇవ్వాలి. బాకీ మొత్తం కట్టి ఇల్లు విడిపించుకునే హక్కు ఒకప్పుడు అమ్మకం తేదీ దాకా ఉండేది. 2016 సవరణ తరువాత వేలం నోటీసు ప్రచురించేదాకా మాత్రమే. 2023 సెప్టెంబరులో సుప్రీంకోర్టు దీనిని మరింత గట్టిగా చెప్పింది. వేలంలో బాకీ పోను సొమ్ము మిగిలితే అది అప్పుదారుడికే చెందుతుంది, అడిగి తీసుకోవాలి. తక్కువపడితే మిగతాది వసూలు చేసే హక్కు బ్యాంకుకు ఉంటుంది. ఇల్లు పోయింది కదా, అప్పు కూడా పోయిందనుకోవడం పొరపాటు.

మనవాళ్ళు చేసేదేమిటి? సిగ్గుపడి నోటీసు దాస్తారు. చుట్టాలకు చెప్పరు. "ఏమైతదిలే, మార్వాడీ దగ్గర తెచ్చి కట్టేస్తాం" అని ఇంకా ఎక్కువ వడ్డీకి బయట అప్పు తెస్తారు. ఆరోగ్యం చెడితే డాక్టరు దగ్గరికి పోతాము. నోటీసు వస్తే వకీలు దగ్గరికి, అంతకన్నా ముందు బ్యాంకు మేనేజరు దగ్గరికి పోవడానికి సిగ్గెందుకు? వాయిదాలు సర్దుబాటు చేయమనో, రాజీ పరిష్కారం చూపమనో మొదటి అరవై రోజుల్లో అడిగినవాడి మాటకు ఉన్న విలువ, తాళం పడ్డాక అడిగినవాడి మాటకు ఉండదు. గిరాకీ చూసి తామే బజారులో అమ్ముకుని బాకీ తీర్చినా వేలం కన్నా మేలైన ధర రావచ్చు.

సంఘం చేయగలిగినది

నూరేళ్ళ చరిత్ర చూశాము. 1912లో సంస్థ కట్టింది, తరువాత సహకార సంఘాలు పంచాయి, గల్ఫు కార్మికుడి చెమట లేపింది, ఆ మీదట బ్యాంకు అప్పు నిలబెట్టింది. మొదటి రెండు పద్ధతుల్లో మనిషి వెనుక పదిమంది ఉన్నారు. చివరి పద్ధతిలో మనిషి ఒంటరి. ఒంటరివాడి ఇల్లే వేలానికి వస్తున్నది, ఒంటరివాడే వేలంలో మోసపోతున్నాడు.

అందుచేత మా మనవి మూడు అంశాలు. ఒకటి, నెలకొకసారి కాగితాలు చదివిపెట్టే కూర్చోబెట్టు ఏర్పాటు చేయాలి. ఒక వకీలు, ఒక బ్యాంకు నుంచి రిటైరైన ఉద్యోగి, ఒక మాస్టరు చాలు. నోటీసు వచ్చినవారు, కొనదలచినవారు ఇద్దరూ రావచ్చు. రెండు, వాయిదా తప్పిన మొదటి మూడు నెలల్లో ఆదుకునే ఖర్జె హసనా నిధి ఉండాలి. ఇల్లు పోయిన తరువాత చేసే సహాయం కన్నా నాలుగు వాయిదాలు అప్పుగా ఇవ్వడం తక్కువ ఖర్చు. ఆ నిధికి లెక్కలు మాత్రం గట్టిగా ఉండాలి. వడ్డీ కాదు లాభం అని చెప్పి జనం సొమ్ము మింగిన పథకాలను ఈ మధ్య కాలంలో చూశాము. ఏటా లెక్క చూపని నిధి ఎంత మంచి పేరు పెట్టుకున్నా నమ్మరాదు. మూడు, ప్రతి ఇంట్లో వారసత్వపు కాగితాలు సరిచేసుకోవాలి. ఆడబిడ్డల వాటా ఇచ్చి, రాయించి, రిజిస్టరు చేయించాలి.

ఇక మొదటి ప్రశ్నకు జవాబు. వేలం ఇల్లు కొనవచ్చునా? కొనవచ్చు. మొత్తం సొమ్ము సిద్ధంగా ఉండి, కాగితాలు చూపించుకుని, లోపల ఎవరున్నారో కళ్ళతో చూసి వచ్చినవారు నిస్సంకోచంగా కొనవచ్చు. చట్టబద్ధంగా అమ్మేదానిని చట్టబద్ధంగా కొనడంలో దోషం లేదు. అయితే వేలం ప్రకటనలో ఇంటి కొలతలు చూసే ముందు అప్పుదారుడి పేరు, చిరునామా చదవండి. అది మన వాడకట్టు అయితే, తెలిసిన ఇంటి నంబరు అయితే, పాటకు పేరు ఇచ్చే ముందు ఒకసారి వెళ్ళి ఆ తలుపు తట్టండి. ఇంకా గడువు మిగిలి ఉన్నదేమో అడగండి.